కుడిచేతి పక్క నాలుగు వేళ్లు

మా అపార్ట్‌మెంటులో నన్ను ఫోర్ నాట్ టూ అంటారు. వాటర్ క్యాన్ తెచ్చే మనిషి కింద నుంచే 'ఫోర్ నాట్ టూ!' అని కేకేస్తాడు. వాట్సాప్ గ్రూపులో ఫోర్ నాట్ టూ ఆంటీని. మెళ్లో ఐడీ కార్డులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లలు లిఫ్టులో నా పక్కనే నిలబడి, నా తల మీదుగా అద్దంలో తమ జుట్టు చూసుకుంటారు. మధురవాడ వచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచింది బ్యాంకులో ఒకమ్మాయి, అదీ ఒక్కసారి, తప్పుగా.

నేను ఒంటరిదాన్ని. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. పోర్టు దగ్గర ఓడల సరుకు కాగితాలు చూసే ఒక ఆఫీసులో ముప్పై ఏళ్ల పైన టైపు కొట్టాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని పీక్కుతినేవాళ్లుండేవారు, ఇప్పుడు వాళ్లూ లేరు. అమ్మ ఎప్పుడో పోయింది. నాన్న పోయాక పేటలోని ఆ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక ఇక్కడికొచ్చాను. ఇక్కడికొచ్చి ఒక్కదాన్నే ఉంటున్నాను. నా తెలివి అలాంటిది.

పేట అంటే సముద్రపు ఒడ్డున మావాళ్లుండే చోటు. మా నాన్న వేటకెళ్లేవాడు. వేటంటే మాకు చేపల వేటే. మగవాళ్లు సముద్రం మీదికి వెళ్లేవారు, ఆడవాళ్లు ఒడ్డున నిలబడి ఎదురుచూసి, వచ్చిన చేపని గంపలకెత్తి అమ్మేవారు. ఆడది పడవెక్కకూడదు. ఎందుకని అడిగితే పెద్దవాళ్లు తిట్టేవారు, అదే సమాధానం.

నాకు ఏడేళ్లప్పుడు పడవెక్కుతానని పేచీ పెట్టాను. మామూలు పేచీ కాదు, ఇసకలో పొర్లి, తాడు పట్టుకుని వేలాడి, పేటంతా చూసేలా ఏడ్చాను. నాన్న నన్ను భుజం మీద కూచోబెట్టుకుని జనానికి దూరంగా నడిచాడు.

"ఏడవకే. అక్కడ నీకో రాయుంది" అన్నాడు.

"రాయేటి?"

"నీళ్లడుగున. సేపలన్నీ దాని సుట్టూరే ఉంటాయి. నానే కనిపెట్టాను. దానికి నీ పేరెట్టాను. ఎవురికీ సెప్పకు."

ఆ రాయి ఎక్కడుందో గుర్తులు కూడా చెప్పాడు. నీళ్ల మీద మైలురాళ్లుండవు కదా, అందుకని వేటకెళ్లేవాళ్లు ఒడ్డు మీద కొండల్ని చూసి చోటు పట్టుకుంటారు. ఒక కొండా ఒక గోపురమూ ఒకదాని మీదికి ఒకటి వస్తే అదొక గీత. ఇంకో రెండు గుర్తులు కలిస్తే ఇంకో గీత. రెండు గీతలూ ఎక్కడ కలిస్తే అక్కడ పడవ ఆపాలి. నాన్న చెప్పింది ఇదీ: "పెద్ద కొండ మీద పల్లం, సర్చి నెత్తి మీదకి రావాల. దీపం కొండ కొసనుంచి కుడిసేతి పక్క నాలుగేళ్లు ఒగ్గేత్తే, ఎనకాల కొండ కొమ్ము అవుపడాల. సుట్టూ పద్దెనిమిది బారలు, రాయి మీద పన్నెండు." దీపం కొండంటే లైట్‌హౌసున్న కొండ, నాలుగేళ్లు ఒగ్గేయడమంటే నాలుగు వేళ్ల వెడల్పు వదిలేయడం. రెండు చేతులూ చాపితే ఈ కొసనుంచి ఆ కొసకి ఎంతో, అది ఒక బార. మా వాళ్లు లోతు కొలిచేది దాంతోనే. ఎక్కాల కంటే ముందు నాకు ఈ మాటలే కంఠతా వచ్చాయి.

అయితే మా నాన్న గురించి ఒక సంగతి చెప్పకుండా దాచడం న్యాయం కాదు. ఆయన పేటలో పేరుమోసిన కోతలరాయుడు. సిటీ బస్సంత సొరచేప తన పడవని పక్కకి నెట్టిందని చెప్పేవాడు. వారం తిరిగేసరికి ఆ సొర లారీ అయ్యేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని అమ్మ దెప్పేది. నేను మాత్రం రాయి గురించి ఏనాడూ అనుమానపడలేదు. పడవ, వలలు నాన్నా చిన్నాన్నా ఉమ్మడిగా పెట్టుకున్నవి, నాన్న పోయాక అవి చిన్నాన్నవయ్యాయి. నాకు నాన్న ఇచ్చింది ఆ రాయొక్కటే.

చిన్నాన్నంటే నాన్నకి పినతండ్రి కొడుకు. నలభై ఏళ్లు ఇద్దరిదీ ఒకటే పడవ. కిందటి వేసవిలో, వేట నిషేధం రోజుల్లో, పడవలన్నీ ఒడ్డున బోర్లాపడి ఉండగా పేటకెళ్లాను. చిన్నాన్న నీడలో కూచుని వల బాగుచేసుకుంటున్నాడు. అదీ ఇదీ మాట్లాడి, ఊరికే అడిగినట్టు అడిగాను, నా పేరు పెట్టిన రాయి ఇంకా ఉందా అని.

చిన్నాన్న తలెత్తలేదు. "అలాటి రాయేదీ లేదే గుంటా" అన్నాడు. అరవై దాటినా ఆయనకి నేను గుంటనే, చిన్నపిల్లనే. "మీ అయ్య కోతలు నీకు తెల్దేటి?"

నవ్వాను. నవ్వి, బస్సెక్కి, మద్దిలపాలెం దాటే దాకా బాగానే ఉన్నాను. తర్వాత కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఒక రాయి కోసం అరవై దాటిన మనిషి ఏడవడం ఏమిటని మీరు అనుకోవచ్చు. ఆ రాయి అబద్ధమైతే, ఏడుస్తున్న పిల్ల నోరు మూయించడానికి ఒక తండ్రి నోటికొచ్చింది అన్నాడన్నమాట. ఆ మాటని ఆ పిల్ల యాభై ఏళ్ల పైన దాచుకుందన్నమాట. నా పేరు ఈ లోకంలో ఎక్కడా, సముద్రం అడుగున కూడా, లేదన్నమాట.

వన్ టౌన్‌లో ఒక పాత లైబ్రరీ ఉంది. ఆఫీసు రోజుల్లో మధ్యాహ్నం అన్నం తిని అక్కడ వారపత్రికలు తిరగేసేదాన్ని. రిటైరయ్యాక కూడా గంటకు పైగా బస్సులో కూచుని అక్కడికే వెళ్తాను. మధురవాడలో చదువుకునే చోటు లేక కాదు. ఆ లైబ్రరీలో ఎవరో ఒకరు 'ఏటండి, ఈ వారం రాలేదు' అంటారు. ఆ ఒక్క మాట కోసం గంట ప్రయాణం నాకు ఎక్కువనిపించదు.

ఆ మాట అనేది లైబ్రేరియన్. ముప్పై అయిదేళ్లుంటాయేమో, విజయనగరం అవతల పల్లెటూరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. చెయ్యి తిరిగిన మనిషి. ఫ్యాను కింద కుర్చీ కోసం కొట్టుకునే గ్రూప్స్ అభ్యర్థుల్ని ఒక్క చూపుతో కూచోబెట్టగలదు. రాయి అబద్ధమని విన్న మర్నాడే వెళ్లి, సముద్రం అడుగున రాళ్ల గురించి పుస్తకం ఉందా అని అడిగాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"పుస్తకమైతే లేదండి. దారుంది. మీకు ఇంట్లో కంప్యూటరుందా?"

ఉందన్నాను. టైపిస్టుని కదా, అదొక్కటే నాకు చేతనైన విద్య.

"అయితే ఒక్క పైసా ఖర్చు లేదు. కార్డడిగిన సైటు కనిపిత్తే మాత్రం అక్కడే ఆగిపోండి. నాకు సెప్పండి. దానికింకో దారుంటాది."

ఆవిడ దగ్గర పాత కేటలాగు కార్డులు గుట్టలున్నాయి, కంప్యూటరు వచ్చాక పనికిరాకుండా పోయినవి. వాటి వెనక వైపు, గుండ్రటి అక్షరాలతో, వారానికొక సైటు చిరునామా రాసిచ్చేది. రెండోది అప్పుడే అడగొద్దు, మొదటిది పూర్తిగా చూసి రండి అనేది. మందులిచ్చే డాక్టరమ్మ కూడా అంత గట్టిగా చెప్పదు. ప్రతి కార్డు అడుగునా మూడు ప్రశ్నలు రాసేది: ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఎక్కడ నిలబడి రాశారు? మొదటి రెండూ నాకు అర్థమయ్యాయి. మూడోది అలంకారానికి రాసిందేమో అనుకున్నాను.

మొదటి కార్డు, ప్రపంచంలోని సముద్రాలన్నిటి లోతులూ చూపించే పటం. ఎవరైనా చూడొచ్చు. మూడు రోజులు దాని ముందే కూచున్నాను. మా ఊరి ఒడ్డున ఒకే నీలం, చీరకి రంగేసినట్టు, దగ్గర లేతగా, దూరంగా ముదురుగా. రాయీ రప్పా ఏమీ లేదు. ఆ పటానికి మా సముద్రం మీద అంత శ్రద్ధ లేదు, అంతే.

రెండో కార్డు మన దేశంలో పరిశోధన చేసినవాళ్ల సిద్ధాంత గ్రంథాలన్నీ ఉచితంగా చదువుకోవడానికి పెట్టిన చోటు. అందులో వెతుకుతూ వెతుకుతూ, మన కోస్తాలో వేటకెళ్లేవాళ్ల మాటల మీద ఎవరో చేసిన పరిశోధన పట్టుకున్నాను. గాలుల పేర్లు, నీటి పోట్ల పేర్లు, వలల్లో రకాలు. నాన్న నోట విన్న మాటలు అచ్చులో, పక్కన అర్థాలతో. ఆ మాటలు పైకి చదివాను. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే చదివాను. మా పేట ఒక గంట సేపు నా హాల్లోకి వచ్చినట్టయింది. తర్వాత కుక్కర్ కూత వేసింది, మళ్లీ ఫోర్ నాట్ టూ.

మూడోది వందేళ్లు దాటిన పుస్తకాల్ని పేజీ పేజీ ఫొటో తీసి పెట్టిన గ్రంథాలయం. అందులో ఓడ కెప్టెన్ల కోసం రాసిన దారి పుస్తకం ఒకటి దొరికింది. ఏ రేవుకి ఎలా రావాలో, ఏ కొండ ఎలా కనపడుతుందో రాశారు. మా ఊరి గురించి రెండు పేజీలుంది. చదువుతుంటే అది నాకు తెలిసిన ఊరిలా అనిపించలేదు, అన్నీ తిరగేసినట్టున్నాయి. ఇంగ్లీషువాళ్లు, వాళ్లకేం తెలుసులే అని పక్కన పెట్టాను. అక్కడే తెలివిగా ఆలోచించి ఉంటే నాకు నెల రోజుల ఏడుపు తప్పేది.

ఒక వారం సొంత తెలివితో, కార్డులో లేని సైటులోకి వెళ్లాను. బ్యాంకు కార్డు నంబరు అడిగితే సగం కొట్టేశాను కూడా. ఆ సంగతి చెప్పినందుకు లైబ్రేరియన్ చివాట్లు పెట్టింది. "ఇంకోసారి ఇలగ సేత్తే కార్డులివ్వనండి" అంది. నిజం చెప్పొద్దూ, నాకు బాగుంది. నన్ను కోప్పడేవాళ్లుండి ఎంత కాలమైందో.

నాలుగు వేళ్లంటే ఎంతన్నది కూడా ఆవిడే వెతికింది. నాలుగో కార్డు అదే, పిల్లలకి నక్షత్రాలు చూడ్డం నేర్పే సైటు. చెయ్యి చాపి నాలుగు వేళ్లు అడ్డం పెడితే ఆకాశంలో ఏడెనిమిది డిగ్రీలట. మా నాన్నకి డిగ్రీలు తెలియవు. వేళ్లు తెలుసు.

చివరికి అయిదో కార్డుతో పాత సముద్రపు పటం దొరికింది. ఏదో దూరదేశపు గ్రంథాలయం తన దగ్గరున్న పటాలన్నీ ఉచితంగా చూసుకోమని పెట్టింది. ఎవరో తెల్లవాళ్లు ఓడలో తిరుగుతూ, తాడుకి సీసపు గుండు కట్టి దించి, మా ఊరి ముందు సముద్రమంతా లోతు కొలిచి అంకెలు వేశారు. ఆ అంకెలు ఆరడుగుల లెక్క, అంటే ఇంచుమించు మన బారే. కొండ మీద చర్చి ఉంది. దీపం కొండ ఉంది. సింహాచలం కొండలు వెనకాల గొంగళిపురుగుల్లా ఉన్నాయి. లైబ్రరీలోనే పెద్ద కాగితం మీద అచ్చు తీయించుకుని, ఇంటికి తెచ్చి, డైనింగ్ టేబుల్ మీద పరిచి, స్కేలుతో గీతలు గీశాను. పల్లం నుంచి చర్చి మీదుగా ఒకటి. దీపం కొండకి కుడి పక్క నాలుగు వేళ్లు వదిలి, వెనకాల కొండ కొమ్ము మీదుగా ఇంకొకటి.

రెండూ కలిసిన చోట పద్దెనిమిది. పక్కన పద్దెనిమిది. ఇటు పక్క పందొమ్మిది. కింద చిన్న అక్షరాల్లో 'బురద' అని రాసుంది.

కొండని తవ్వి ఎలుకని కూడా పట్టలేదు. మళ్లీ గీశాను. మళ్లీ బురదే. చిన్నాన్న నిజమే చెప్పాడు, నాన్న అబద్ధమే చెప్పాడు. కాగితం చుట్టి బీరువా మీద పడేశాను.

ఆ తర్వాత నాలుగు వారాలు లైబ్రరీకి వెళ్లలేదు. ఎక్కడికీ వెళ్లలేదు. టీవీ పెట్టుకుని దానివైపు కాకుండా గోడవైపు చూసేదాన్ని. ఫోను మోగితే అప్పు కావాలా మేడమ్ అనేవాళ్లే. రోజులో నా గొంతు నాకు వినపడేది పాలవాడితో 'రేపొద్దు' అన్నప్పుడే. అదీ లేని రోజులున్నాయి.

నాలుగో వారం చివర్లో ఫోను మోగింది. రిజిస్టరులో నా నంబరు చూసి చేసిందట లైబ్రేరియన్.

"ఏటండీ, నా కార్డులు నాకు తిరిగిత్తారా, ఇవ్వరా?"

ఆవిడకి కార్డులెందుకు, గుట్టలున్నాయిగా. నాకు తెలుసు. మర్నాడే కార్డులూ చుట్టిన కాగితమూ పట్టుకుని వెళ్లాను. కాగితం ఆవిడ బల్ల మీద పరిచి, ఇదీ సంగతి, రాయి లేదు అన్నాను. ఆవిడ నా గీతల్ని చాలాసేపు చూసింది. తర్వాత కార్డు తిరగేసి మూడో ప్రశ్న మీద వేలు పెట్టింది.

"ఎక్కడ నిలబడి?" అంది.

"ఎవరు?"

"మీ నాన్నగారండి. నాకు సముద్రం తెల్దు. మా ఊళ్లో ఏరుంది. గట్టు మీద నిల్చున్నోడికి కుడి పక్క ఉన్న చెట్టు, ఏట్లోంచి గట్టుకి వచ్చీవోడికి ఎడం పక్క కాదేటి? కుడిసేతి పక్క అన్నప్పుడు మీ నాన్నగారి మొహం ఎటుందండి?"

మా పేటలో గుమ్మాలన్నీ సముద్రం వైపే. ఆడవాళ్లం ఎప్పుడు నిలబడినా సముద్రం వైపే. అలా నిలబడితే కుడిచేయి హార్బరు వైపు, దక్షిణం. మాకు 'కుడి పక్కకెళ్లు' అంటే హార్బరు వైపు వెళ్లమని. అమ్మకీ అంతే, నాకూ అంతే. కానీ నాన్న ఆ గుర్తులు చూసేది పడవలోంచి, ఒడ్డు వైపు తిరిగి. ఆయన కుడిచేయి ఉత్తరం. పుట్టిన దగ్గర్నుంచీ సముద్రం పక్కనే బతికి, సముద్రం మీంచి మా ఊరు ఎలా ఉంటుందో నాకు తెలియదు. టికెట్టు కొనుక్కుని ఎక్కే బోట్లున్నాయి బీచిలో. నాన్న ఎక్కించని సముద్రం నేను టికెట్టు కొనుక్కుని ఎక్కలేదు, నాది అదో పొగరు.

ఆ కెప్టెన్ల పుస్తకంలో ఊరు తిరగేసినట్టు ఎందుకుందో అప్పుడర్థమైంది.

స్కేలు ఆవిడే పట్టుకుంది. దీపం కొండ కొసనుంచి ఉత్తరం పక్క నాలుగు వేళ్లు. వెనకాల ఇంకో కొండ కొమ్ము. గీత గీసింది. రెండు గీతలూ కలిసిన చోట ఇద్దరం కళ్లజోళ్లు సర్దుకుని వంగాం. చుట్టూ పదహారు, పదిహేడు, పదహారు. మధ్యలో ఒక్కటే, పదకొండు.

"పన్నెండన్నారు కదా?" అంది ఆవిడ నెమ్మదిగా.

"మా నాన్న పొట్టి" అన్నాను. "ఆయన బార ఆరడుగులుండదు. ఆయన పన్నెండు బారలు తెల్లవాళ్లకి పదకొండే."

అంతే, ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. గ్రూప్స్ పిల్లలు తలెత్తి చూశారు. రోజూ వాళ్లని 'ష్' అనే మనిషి తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాకు నవ్వు ఎక్కడాగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో గుర్తులేదు.

వచ్చేటప్పుడు ఆవిడ ఆరో కార్డు రాసిచ్చింది. ప్రపంచంలో ఎవరైనా తమకి తెలిసిన చోటు చేర్చగల పటం, ఎవరైనా ఉచితంగా వాడుకోగల పటం. "ఇన్ని ఊరికే తీసుకున్నాం కదండీ. ఎవురో ఒకలు పెట్టబట్టే మనకి దొరికాయి. మీరూ ఒకటి పెట్టండి. మీ పేరే ఎట్టండి. ఉన్నదే కదా" అంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అకౌంటు తెరిచాను. నీలం మధ్యలో సరిగ్గా ఆ చోట చుక్క పెట్టాను. పేరు రాయమని ఒక పెట్టె వచ్చింది. తెలుగులో నా పేరు కొట్టి, పక్కన 'రాయి' అని కొట్టాను. స్క్రీను మీద చూసుకున్నాను. బ్యాంకమ్మాయి తప్పుగా పిలిచిన పేరు కాదు, సరైన పేరు. ఇంక ఒక్క మీట నొక్కితే అమెరికావాడికీ జపాన్‌వాడికీ కూడా కనపడుతుంది. నొక్కలేదు. ముందు చిన్నాన్న మొహాన ఆ కాగితం పెట్టి, మా నాన్న కోతలరాయుడు కాదని అనిపించాలి. తర్వాత నొక్కొచ్చు.

మర్నాడు పొద్దున్న పేటకెళ్లాను. వేట నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు చిన్నాన్న, పడవ పక్కన కూచుని టీ తాగుతున్నాడు. మాట్లాడకుండా కాగితం ముందు పరిచి, పదకొండు మీద వేలు పెట్టాను. చదువు రాకపోయినా ఆయనకి కొండలు చదవడం వచ్చు. గీతల వెంట కళ్లు కదిలాయి. గ్లాసు కింద పెట్టేశాడు. అటూ ఇటూ చూసి, గబగబా కాగితం మడిచేశాడు.

"ఎవురికి సూపించావ్?"

"లైబ్రరీలో ఒకమ్మాయికి."

"ఆయమ్మకి పడవుందా?"

"లేదు."

"ఆయమ్మ మొగుడికి?"

"వాళ్లు వరి పండించుకుంటారు చిన్నాన్నా."

"అయితే పర్లేదు" అని ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు నా వైపు సరిగ్గా చూశాడు. "నీకీ గుర్తులు ఎవురు సెప్పేరు?"

"నాన్నే. నాకు ఏడేళ్లప్పుడు."

చిన్నాన్న సముద్రం వైపు తిరిగాడు. "నా కొడుకు" అన్నాడు. తిట్టులా లేదు అది. "ఆ రాయి దొరికిన్నాడు గంగమ్మ మీద ఒట్టేసుకున్నాం, ఇద్దరం. పడవెక్కినోడికి తప్ప సెప్పకూడదని. మాట బయటికి పొక్కితే పెద్ద బోట్లోళ్లొచ్చి తుడిచీసి ఎల్లిపోతారు. మీ అయ్య నోట్లో నువ్వుగింజ నానదు గదా, సెప్పీత్తాడని నాను భయపడీవోడిని. పేటలో ఎవుడికీ సెప్పలేదు. తాగినా సెప్పలేదు. సచ్చేదాక సెప్పలేదు. నీకు గుర్తులు కూడా సెప్పీసేడా?"

"మరి నువ్వు లేదన్నావు కదా, వేసవిలో?"

"ఒట్టు గదే. నువ్వు పడవెక్కలేదు గదా."

జీపీఎస్‌లో ఎక్కించుకోలేదా అని అడిగాను. ఎక్కిస్తే, బాగుచేయడానికి ఇచ్చినప్పుడు కొట్టువాడు చూడడా అన్నాడు. చర్చి ఇప్పుడు కనపడటం లేదట, ముందర పెద్ద బిల్డింగు అడ్డమొచ్చిందట. దాని మీద నీళ్ల ట్యాంకు గుర్తు పెట్టుకున్నారట. లచ్చివారం, అంటే మొన్న గురువారం కూడా అక్కడికి వెళ్లొచ్చారట.

అడగడానికి భయమేసింది. అయినా అడిగాను. "దాన్ని ఏమంటారు పడవలో?"

చిన్నాన్న నా పేరు చెప్పాడు. నన్ను పిలిచినట్టు కాదు, ఒక చోటు పేరు చెప్పినట్టు, మామూలుగా. "మరేటంటాం? మీ అయ్య ఎట్టిన పేరే. ఈ రోజు అక్కడికి ఎల్దామా, గాలి బాగులేదు రేపెల్దామా, ఇలగే. మా సిన్నల్లుడు కొత్తగా పడవెక్కినాడు. మొన్న అడిగినాడు, ఈవిడెవురు మావా, ఎప్పుడూ ఈవిడి మాటే అంటారు అని."

"నువ్వేమన్నావు?"

"ఒడ్డు మీద ఉండీ మడిసిలే అన్నాను."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఈసారి ఏడవలేదు. ఇంటికొచ్చి కంప్యూటరు తెరిచాను. నీలం మధ్యలో నా చుక్క, పెట్టెలో నా పేరు, నిన్న ఎలా వదిలానో అలాగే ఉన్నాయి. ఎంతో ఆశపడి కొట్టిన పేరు. ఒక్కొక్క అక్షరమే చెరిపేశాను. చివర్న చుక్క కూడా తీసేశాను. ఆ పాత పటంలో పదకొండు అలాగే ఉంటుంది, ఉండనీ. అన్ని అంకెల్లో ఆ ఒక్క అంకె దగ్గర ఆగేవాళ్లెవరు?

తర్వాతి వారం లైబ్రేరియన్ అడిగింది, ఎక్కించారా అని. లేదన్నాను. ఎందుకో చెప్పాను. ఊరికే తీసుకుని ఏమీ పెట్టకుండా పోతున్నందుకు తప్పుగా ఉందని కూడా చెప్పాను. ఆవిడ ఆరో కార్డు నా చేతిలోంచి తీసుకుని డ్రాయరులో పడేసింది. "నాను ఏ కాయితమూ సూడలేదండి" అంది. తర్వాత, "కొత్త కార్డిత్తాను, పాత వారపత్రికలున్నాయి, సదువుకుంటారేటి?" అంది.

ఒంటరితనం తగ్గిందా అంటే, లేదు. పగలు అంతే పొడుగ్గా ఉంది. వాటర్ క్యాన్ మనిషి కింద నుంచి అదే కేక వేస్తున్నాడు. పొద్దున్న ఆరింటికి టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడతాను. మా బాల్కనీలోంచి సముద్రం కనపడదు, ఎదురు బ్లాకు వంటగదులు కనపడతాయి. నేను సముద్రం ఉన్న వైపే తిరిగి నిలబడతాను, అలవాటు. ఆ వేళకి పడవలో వాళ్లు ఒడ్డు వైపు, అంటే నా వైపు, తిరిగి చూస్తుంటారు. పల్లం ట్యాంకు మీదకొస్తుంది. కొస నుంచి కుడిచేతి పక్క నాలుగు వేళ్లు పెట్టి చూసుకుని, చిన్నాన్న అల్లుడు ఇంజను ఆపుతాడు. గాలం అందుకుంటూ నా పేరు అంటాడు, వచ్చేశాం అంటాడు.